పిల్లికూన పేరు మోసిన సహాబీ

పూతరేకులు చుట్టే ఇళ్లలో పిల్లికి మర్యాద తక్కువ. మా ఆత్రేయపురంలో ఈ మాట ఎవరినడిగినా ఒప్పుకుంటారు. బోర్లించిన కుండ కింద మంట, పక్కన బియ్యప్పిండి జావ, అందులో ముంచి తీసిన పలుచని గుడ్డ, ఆ వెనక నెయ్యి గిన్నె. ఈ నెయ్యి గిన్నె దగ్గరే పేచీ. 2023లో మన పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత ఆడవాళ్లకు చేతినిండా పని దొరికింది, పిల్లులకు మాత్రం తిట్లు పెరిగాయి.

మా పెరట్లో కొబ్బరి చెట్లు, ఒక జామ చెట్టు, కడియపులంక నర్సరీల నుంచి తెచ్చి నాటుకున్న పది గులాబీ మొక్కలు ఉన్నాయి. వేకువన జెముడు కాకి కూస్తుంది. ఉడుతలు జామపిందెలు కొరికి పారేస్తుంటాయి. గోడవార ఒక ముంగిస రోజూ ఒకే వేళకు, ఉద్యోగానికి వెళుతున్నట్టు, అటు నుంచి ఇటు పోతుంది. వీటితో మాకు తగవు లేదు. తగవంతా కట్టెల మోపు వెనక నాలుగు కూనల్ని పెట్టిన పిల్లితో వచ్చింది. గులాబీ మొదళ్లలో గుల్లగా తవ్విన మట్టి కనిపిస్తే చాలు, పిల్లికి అదే మరుగుదొడ్డి. రెండు మొక్కలు వేళ్లతో సహా పైకి లేచాయి. పక్కింటివారి నెయ్యి గిన్నె సంగతి సరేసరి. చివరికి ఒక గురువారం సాయంత్రం గోనెసంచి సిద్ధం చేశాం. తల్లినీ కూనల్నీ అందులో వేసి కాలువ అవతల వదిలి రావాలన్నది మా ఆలోచన.

మా నానీ అడ్డు చెప్పలేదు. సంచి వంక చూసి, కూనలు ఇంకా పాలు మానలేదు గదా అని మాత్రం అన్నారు. తరువాత, రేపు జుమా అయ్యాక వదలవచ్చు, ఈలోగా అబూహురైరాగారి చరిత్ర ఒకసారి చదవండి అని చెప్పి తస్బీహ్ తీసుకున్నారు. ఆ రాత్రి చదివిన దానినే ఈ వారం పాఠకులతో పంచుకుంటున్నాం.

హజ్రత్ అబూహురైరా (రజి) యమన్ ప్రాంతపు దౌస్ తెగవారు. ఇస్లాంకు ముందు ఆయన పేరు అబ్దుష్షమ్స్, అంటే సూర్యదాసుడని అర్థం. తరువాత అబ్దుర్రహ్మాన్ అయ్యారు. అసలు పేరు విషయంలో పండితుల్లో చాలా అభిప్రాయాలున్నాయి. ఎందుకంటే ఆ పేరుతో ఆయనను పిలిచినవారే తక్కువ. లోకమంతా ఆయనను పిలిచింది పిల్లికూన తండ్రి అనే. అరబ్బీలో హిర్ర అంటే పిల్లి, హురైరా అంటే చిన్న పిల్లి. ఆ పేరు ఎలా వచ్చిందో ఆయనే చెప్పిన సంగతి సునన్ తిర్మిజీలో ఉంది. కుర్రతనంలో ఆయన ఇంటివాళ్ల మేకల్ని కాసేవారు. ఆయన దగ్గర ఒక చిన్న పిల్లికూన ఉండేది. రాత్రి దాన్ని చెట్టు మీద పెట్టేవారు. తెల్లవారితే దించి వెంట తీసుకుపోయి, మేకలు మేస్తుంటే దానితో ఆడుకునేవారు. చూసినవారు నవ్వి ఆ పేరు పెట్టారు. కూనను చెట్టు మీద ఎందుకు పెట్టేవారో హదీసులో లేదు. నక్కలూ కుక్కలూ తిరిగే చోట రాత్రి కూనను నేలమీద ఎవరు వదులుతారు అని మేమనుకున్నాం. పల్లెటూరి పిల్లలకు ఇది వివరించనక్కరలేదు.

తండ్రి చిన్నప్పుడే పోయారు. అనాథగా పెరిగిన ఆయన బుస్రా బిన్తె గజ్వాన్ అనే ఆమె దగ్గర పనికి కుదిరారు. జీతం అంటే కడుపుకు తిండి, ప్రయాణంలో వంతు వచ్చినప్పుడు ఒంటె ఎక్కడం. అంతే. వారు దిగితే సేవ చేయాలి, ఎక్కితే ఒంటెల వెంట పాడుతూ నడవాలి. తరువాత కాలంలో అదే బుస్రా ఆయనకు భార్య అయ్యారు. ఆయన ఈ సంగతి దాచుకోలేదు సరికదా, పెద్ద పదవిలో ఉన్నప్పుడు కూడా పదిమందిలో చెప్పి అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకునేవారు.

దౌస్ తెగకు ఇస్లాం సందేశం అందించింది వారి నాయకుడు తుఫైల్ బిన్ అమ్ర్ (రజి). హిజ్రీ 7లో, అంటే క్రీ.శ. 628లో, ఆయనతో పాటు ఆ తెగవారు మదీనాకు బయలుదేరారు. అబూహురైరాగారికి అప్పటికి ముప్ఫై ఏళ్ల వయసు ఉంటుంది. దారిలో ఆయన సేవకుడు ఒకడు తప్పిపోయాడు. దైవప్రవక్త (స) అప్పుడు ఖైబర్‌లో ఉన్నారు. అబూహురైరాగారు వారి సన్నిధికి చేరి కూర్చున్న సమయంలోనే ఆ తప్పిపోయిన సేవకుడు కనిపించాడు. ఇడుగో నీ సేవకుడు అని ప్రవక్త (స) చూపించగానే ఆయన అక్కడికక్కడే అతన్ని అల్లాహ్ పేరున స్వతంత్రుణ్ణి చేశారు. చేతిలో ఉన్న ఆస్తి బహుశా అదొక్కటే.

ఆ తరువాత ఇల్లు లేదు, వ్యాపారం లేదు. మస్జిదె నబవీలో నీడ వేసిన ఒక అరుగు ఉండేది. దానిని సుఫ్ఫా అనేవారు. దిక్కులేని ముహాజిర్లు అక్కడే పడుకునేవారు. అక్కడే చదువుకునేవారు. ఎవరైనా పంపితే తినేవారు, లేకపోతే లేదు. అబూహురైరాగారు వారిలో చేరిపోయారు. ఆకలికి పొట్ట నేలకు అదిమిపెట్టుకున్న రోజులున్నాయి, పొట్టకు రాయి కట్టుకున్న రోజులున్నాయి. మింబరుకూ హజ్రత్ ఆయిషా (రజి) గదికీ మధ్య ఆయన సొమ్మసిల్లి పడిపోతే, మూర్ఛ వచ్చిందనుకుని దారిన పోయేవారు మెడ మీద కాలు పెట్టేవారు. అది మూర్ఛ కాదు, ఆకలి. చాలా ఏళ్ల తరువాత రంగు వేసిన నార బట్టలు కట్టుకుని, ఆ బట్టతోనే ముక్కు తుడుచుకుంటూ, ఆ పాత రోజులు తలచుకుని తనను చూసి తనే ఆశ్చర్యపోయేవారు.

పాల గిన్నె సంగతి మన ఇళ్లలో పెద్దలు చెబుతూనే ఉంటారు, అయినా పిల్లల కోసం ఇంకోసారి చెప్పుకుందాం. ఒకరోజు ఆకలికి తాళలేక ఆయన జనం వచ్చిపోయే దారిలో కూర్చున్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) వచ్చారు. ఆయనను ఖుర్ఆన్ ఆయతు ఒకటి అడిగారు. ఆ ఆయతు తనకు తెలియక కాదు, ఇంటికి పిలిచి అన్నం పెడతారేమోనని. ఆయన జవాబు చెప్పి వెళ్లిపోయారు. హజ్రత్ ఉమర్ (రజి) వచ్చారు, అదే ప్రశ్న, అదే జవాబు, ఆయనా వెళ్లిపోయారు. మూడోసారి దైవప్రవక్త (స) వచ్చారు. ముఖం చూడగానే విషయం గ్రహించి చిరునవ్వు నవ్వి, అబూహిర్ అని పిలిచారు. పిల్లి తండ్రీ అని! ఆకలితో పడి ఉన్న మనిషికి ఆ పిలుపు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. ప్రవక్త (స) నోట విన్న పిలుపు గనుక జీవితాంతం ఆయనకు అబూహిర్ అనిపించుకోవడమే ఎక్కువ ఇష్టంగా ఉండేదట.

ఇంట్లో ఎవరో కానుకగా పంపిన పాల గిన్నె ఒకటుంది. సుఫ్ఫావారినందరినీ పిలుచుకు రమ్మన్నారు ప్రవక్త (స). అబూహురైరాగారి ప్రాణం ఉసూరుమంది. ఇంతమందికి ఈ గిన్నెడు పాలేం సరిపోతాయి, పంచిపెట్టేవాణ్ణి నేనే అవుతాను, నాకేం మిగులుతుంది అని లోపల మథనపడ్డారు. ఈ బాధను ఆయన తరువాత ఉన్నదున్నట్టు చెప్పుకున్నారు. ఆయన మీద మాకు గౌరవం పెరిగింది ఇక్కడే. ఆజ్ఞ గనుక పిలుచుకొచ్చారు. ఒక్కొక్కరికీ గిన్నె అందించారు, ఒక్కొక్కరూ కడుపునిండా తాగి తిరిగి ఇచ్చారు. అందరూ అయ్యాక ప్రవక్త (స) ఆయనను కూర్చోబెట్టి తాగమన్నారు. తాగారు. మళ్లీ తాగమన్నారు. ఇక లోపల చోటు లేదని ఆయన ప్రమాణం చేసి చెప్పేవరకూ తాగిస్తూనే ఉన్నారు. మిగిలినవి అల్లాహ్‌ను స్తుతించి, బిస్మిల్లాహ్ చెప్పి తాము తాగారు.

ఆయనకు తల్లి అంటే ప్రాణం. ఆమె చాలాకాలం ఇస్లాంకు దూరంగానే ఉన్నారు. ఒకరోజు ఆయన నచ్చచెప్పబోతే ఆమె దైవప్రవక్త (స) గురించి వినరాని మాట అన్నారు. ఏడుస్తూ ప్రవక్త (స) దగ్గరకు వెళ్లి, మా అమ్మ కోసం దుఆ చేయండని వేడుకున్నారు. దుఆ చేయించుకుని ఇంటికి వచ్చేసరికి తలుపు వేసి ఉంది. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. అక్కడే ఆగమని తల్లి లోపలి నుంచి చెప్పారు. స్నానం ముగించి, తొందరలో తలమీద ముసుగు కూడా సరిగా వేసుకోకుండా తలుపు తీసి కలిమా పలికారు. పొద్దున దుఃఖంతో ఏడుస్తూ వెళ్లిన దారినే ఆయన సంతోషంతో ఏడుస్తూ మళ్లీ వెళ్లారు. తరువాతి కాలంలో జుల్‌హులైఫాలో తల్లి ఒక ఇంట్లో, ఆయన ఒక ఇంట్లో ఉండేవారు. బయటికి వెళ్లేటప్పుడల్లా ఆమె గుమ్మం ముందు నిలబడి సలాం చెప్పి, చిన్నప్పుడు నన్ను పెంచినందుకు అల్లాహ్ నిన్ను కరుణించుగాక అనేవారు. పెద్దతనంలో నన్ను చూసుకుంటున్నందుకు నిన్నూ కరుణించుగాక అని ఆమె బదులిచ్చేవారు.

ఇక ఆయన చెప్పిన హదీసుల సంగతి. దైవప్రవక్త (స) సన్నిధిలో ఆయన గడిపింది సుమారు నాలుగేళ్లే. అయినా ఆయన పేరున లెక్కకు వచ్చినవి 5,374 ఉల్లేఖనాలు. వీటిలో ఒకే హదీసు వేరువేరు పరంపరల్లో మళ్లీమళ్లీ వచ్చినవి చాలా ఉన్నాయి. ఇన్ని ఎలా అని ఆయన కాలంలోనే అడిగారు. ముహాజిర్ సోదరులు బజారులో వ్యాపారం చూసుకున్నారు, అన్సార్ సోదరులు తోటలూ పొలాలూ చూసుకున్నారు, నేను కడుపుకు దొరికింది తిని ప్రవక్త (స)ను అంటిపెట్టుకున్నాను అన్నదే ఆయన సమాధానం. మదీనా పాలకుడు మర్వాన్ ఆయనను పిలిపించి హదీసులు అడిగి, చాటున ఒక లేఖకుణ్ణి కూర్చోబెట్టి రాయించాడు. ఏడాది తరువాత మళ్లీ పిలిచి అవే అడిగాడు. మాట ముందుకు గానీ వెనక్కు గానీ పోలేదు.

ఇందులో మన తెలుగు నేలకూ కొంత భాగం ఉంది. అబూహురైరాగారి శిష్యుల్లో హమ్మామ్ బిన్ మునబ్బిహ్ ఒకరు. ఆయనదీ యమనే. గురువు దగ్గర విన్న హదీసులను ఒక చిన్న పుస్తకంగా రాసుకున్నారు. మొత్తం 138 హదీసులు. ఆ సహీఫా వ్రాతప్రతులను బెర్లిన్‌లోనూ డమాస్కస్‌లోనూ చూసి, పోల్చి, 1950లలో లోకానికి అందించినవారు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బోధించి, 1948 తరువాత పారిస్‌లోనే ఉండిపోయి, 2002లో అమెరికాలో కన్నుమూసిన మహాపండితుడు. అచ్చులో ఉన్న హదీసు గ్రంథాలతో ఆ పాత రాతప్రతి సరిపోవడం చూసి చాలామంది సందేహాలు తీరాయి.

మా గోనెసంచికి సంబంధించిన హదీసు ఆ హమ్మామ్ పరంపరలోనే సహీహ్ ముస్లింలో ఉంది. ఒక స్త్రీ పిల్లిని కట్టేసింది. తాను తిండి పెట్టలేదు, నేలమీది పురుగూ పుట్రా ఏరుకుని తినడానికి వదలనూ లేదు. అది చచ్చిపోయింది. ఆ కారణంగా ఆమె నరకానికి పోయింది. ఈ సంగతిని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి), హజ్రత్ అస్మా (రజి) కూడా ఉల్లేఖించారు. అయితే పిల్లి పేరు మోసిన మనిషి నోట ఇది వింటే ఆ లెక్కే వేరు. దాహంతో నాలుక వెళ్లబెట్టి తడిమట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తోలుజోడులో నీళ్లు నింపి, దాన్ని నోట కరచుకుని పైకెక్కి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న హదీసు చెప్పింది కూడా ఈయనే. ఒక చీమ కుట్టిందని పూర్వపు ప్రవక్త ఒకరు చీమల పుట్టనంతా తగలబెట్టిస్తే, కుట్టింది ఒక్కటే గదా అని అల్లాహ్ మందలించిన కథ కూడా ఆయన చెప్పినదే. కోడి కూస్తే అల్లాహ్ అనుగ్రహం అడుక్కోమని, గాడిద ఓండ్రపెడితే శరణు కోరమని చెప్పిన హదీసూ ఆయన ద్వారానే వచ్చింది. మదీనా రెండు నల్లరాతి నేలల మధ్య ప్రాంతాన్ని ప్రవక్త (స) పవిత్ర స్థలంగా ప్రకటించారు గనుక, అక్కడ జింకలు మేస్తూ కనిపించినా తాను బెదరగొట్టనని ఆయన అనేవారు.

పిల్లి ముట్టిన గిన్నె సంగతి ఆడవాళ్లు తరచూ అడుగుతుంటారు. పిల్లి అపవిత్రం కాదని, అది మన చుట్టూ తిరిగే వాటిలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పిన మాట హజ్రత్ అబూఖతాదా (రజి) ద్వారా వచ్చింది. ఆయన తన వుజూ నీళ్ల పాత్రను పిల్లి తాగడానికి వంచి పట్టుకున్నారు. హజ్రత్ ఆయిషా (రజి) నమాజులో ఉండగా ఎవరో హరీసా పంపితే పిల్లి వచ్చి కొంత తినిపోయింది. ఆమె నమాజు ముగించి, పిల్లి తిన్నచోటనే తిన్నారు. ఇది సునన్ అబూదావూద్‌లో ఉంది. ప్రవక్త (స) నిద్రపోతున్న పిల్లిని లేపలేక చొక్కా చెయ్యి కత్తిరించుకున్నారని క్యాలెండర్ల మీద వేసే కథ మాత్రం ప్రామాణిక హదీసు గ్రంథాల్లో కనిపించదు. చెప్పేవారు గమనించాలి.

మా గులాబీలకూ అబూహురైరాగారి దగ్గర రెండు సంగతులు దొరికాయి. ఎవరైనా సువాసన గల పూరెమ్మ ఇస్తే కాదనకూడదు, మోయడానికి తేలిక, వాసనకు మంచిది అన్న హదీసు ఆయనదే. రెండోది ఇబ్నెమాజాలో ఉంది. ఒకరోజు ఆయన మొక్క నాటుతుండగా దైవప్రవక్త (స) అటుగా వచ్చారు. ఏం నాటుతున్నావని అడిగి, ఇంతకంటే మంచి నాట్లు చెబుతానని సుబ్‌హానల్లాహ్, అల్‌హమ్దులిల్లాహ్, లా ఇలాహ ఇల్లల్లాహ్, అల్లాహు అక్బర్ అన్న నాలుగు మాటలు చెప్పారు. ఒక్కో మాటకు స్వర్గంలో ఒక్కో చెట్టు. మొక్కను పీకేయమని మాత్రం చెప్పలేదు. ఆయన చేతిలోని మొక్క మట్టిలోనే నాటుకుని ఉంటుంది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఆయన బహ్రైన్ పాలకుడయ్యారు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పదివేలు ఉన్నాయి. ఉమర్ (రజి) లెక్క చెప్పమన్నారు, గట్టిగానే అడిగారు. గుర్రాలు ఈనాయి, కానుకలు వచ్చాయి అని లెక్క చెప్పారు. విచారించి చూస్తే లెక్క సరిపోయింది. మళ్లీ పదవి తీసుకోమని ఖలీఫా కోరితే ఆయన ససేమిరా అన్నారు. వృద్ధాప్యంలో మర్వాన్ ఊళ్లో లేనప్పుడు మదీనా పాలన ఆయన చూసేవారు. పాలకుడై ఉండి కట్టెల మోపు వీపున వేసుకుని బజారులో నడిచేవారు. అమీరుకు దారి ఇవ్వండి అని తన రాకను తనే చాటుకుంటూ పోతుంటే జనం నవ్వుకునేవారు.

ఇంట్లో రాత్రిని మూడు వంతులు చేసుకున్నారు. ఒక వంతు ఆయన, ఒక వంతు భార్య, ఒక వంతు సేవకుడు నమాజులో ఉండేవారు. ఒకరి వంతు కాగానే రెండోవారిని లేపేవారు. ఒకసారి కాల్చిన మేకమాంసం ముందు పెట్టుకుని కూర్చున్నవారు తినమని పిలిస్తే ఆయన కూర్చోలేదు. దైవప్రవక్త (స) యవల రొట్టె కూడా కడుపునిండా తినకుండానే లోకం విడిచారని గుర్తుచేసి సాగిపోయారు.

చివరి జబ్బులో ఆయన ఏడ్చారు. లోకాన్ని వదలిపోతున్నందుకు కాదని, ప్రయాణం దూరం, దారిబత్తెం తక్కువ అని చెప్పుకున్నారు. హిజ్రీ 57 అని కొందరు, 58 అని కొందరు, 59 అని కొందరు రాశారు. క్రీస్తుశకం లెక్కన 676కూ 679కీ మధ్య. వయసు 78. మదీనా పాలకుడు వలీద్ బిన్ ఉత్బా జనాజా నమాజు చేయించారు. బఖీ శ్మశానవాటికలో ఖననం చేశారు.

ఇంత చదివేసరికి రాత్రి పదకొండు దాటింది. కట్టెల మోపు వెనక అలికిడైతే టార్చి తీసుకుని వెళ్లాం. వీధి కుక్క ఒకటి గోడ దూకి పారిపోయింది. కూనలు మూడే ఉన్నాయి. తల్లి మమ్మల్ని చూసి కూడా కదల్లేదు. ఆ మూడింటినీ పూలబుట్టలో వేసి జామ చెట్టు కొమ్మల చీలికలో కట్టాం. తల్లి తనే ఎక్కి వచ్చి పడుకుంది. పొద్దున్నే గులాబీ మొదళ్ల చుట్టూ నిమ్మకంప పరిచాం. అప్పటి నుంచి తవ్వడం తగ్గింది, పూర్తిగా మానలేదు.

నెల తిరిగాక పక్కింటి ఆమె వచ్చారు. నెయ్యి సంగతి ఎత్తలేదు. బియ్యం బస్తాలకు ఎలుకలు చిల్లులు పెడుతున్నాయట, మూడింటిలో ఒక కూనను ఇస్తారా అని నానీని అడిగారు.